శిఖరం మీద దండెం

ఐర్లండ్‌లో కార్క్ నగరం పక్కనున్న బాలింకాలిగ్‌లో కారిగ్‌రువా క్లోజ్ అనే వీధిలో పద్నాలుగు ఇళ్లు ఉన్నాయి. అక్కడ వాన పడని రోజు వారానికి ఒకటో రెండో వస్తుంది, అదీ మధ్యాహ్నం దాకా నిలుస్తుందన్న నమ్మకం లేదు. అయినా ఆ వీధివాళ్లెవరూ బట్టలు ఆరలేదని బాధపడరు. పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దించి వచ్చి, తడిబట్టల బుట్ట చంకన పెట్టుకుని, పద్నాలుగో నంబరు ఇంటి పక్క సందులోంచి వెనక్కి వెళతారు. అక్కడొక ముళ్లకంచె, కంచె దాటడానికి మూడు చెక్కమెట్లు. ఇవతలి మెట్టు మీద బురద ఉంటుంది, అవతలి మెట్టు మీద ఎర్రటి దుమ్ము. దాటితే శిఖరం.

శిఖరమంటే శిఖరమే, కింద కొండ లేదు కాబట్టి ఎక్కే పని లేదు. రెండెకరాల చదునైన రాతినేల. నాలుగు పక్కలా నిలువునా దిగిపోయే గండి. ఎక్కడో అడుగున దారప్పోగంత నది. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, గాలిలో తడి ఉండదు. దుప్పటి ఇరవై నిమిషాల్లో పెళపెళలాడుతుంది. కౌంటీ కౌన్సిల్ పటంలో ఆ జాగాను పచ్చికబయలని రాసి ఆకుపచ్చ రంగు వేశారు. గడ్డిపరక మొలవకపోయినా దాన్ని దిద్దించాలని ఎవరికీ తోచలేదు. వీధివాళ్లు ఇనపస్తంభాలు పాతి ఏడు దండేలు కట్టుకున్నారు. పశ్చిమం వైపు దండెం మాత్రం పద్నాలుగో నంబరు నోరీన్‌దని అందరికీ తెలుసు.

గిరిజాకుమారి వాళ్లు పదకొండో నంబరులో అద్దెకుంటున్నారు. వాళ్లది ప్రొద్దుటూరు. తిరుపతిలో ఆమె జియాలజీ ఎమ్మెస్సీ చదివింది. పెన్నానది గండికోట దగ్గర కోసిన రాతిగోడల్ని కొలుస్తూ రెండు వేసవులు ఎండలో మాడింది. తర్వాత ఎర్రగుంట్ల చుట్టుపక్కల సున్నపురాయి ఏ లోతున ఉందో చూసే పనిలో నాలుగేళ్లు ఉంది. భర్త తేజేశ్వర్‌కు కార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రావడంతో ఏడాది పిల్ల లోహితను ఎత్తుకుని అతని వెంట వచ్చింది. మొదటి ఏళ్లలో వీసా ఆమెను పని చెయ్యనివ్వలేదు. చెయ్యనిచ్చే నాటికి తనకు రాళ్ల గురించి తెలిసిందంతా పాతబడిపోయిందని ఆమే తీర్మానించుకుంది. ఇప్పుడు ఊళ్లో ఒక మందుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడుతోంది.

శిఖరాన్ని మొదటిసారి చూసిన రోజు ఆమె తడిబట్టలు పక్కన పెట్టి, గొంతుకూర్చుని, అరచేత్తో రాయిని తడిమింది. పైన ఉన్నది పాలిపోయిన పసుపు ఇసుకరాయి. దానిలో ఒకదాన్నొకటి కోసుకుంటూ ఏటవాలు గీతలు. అవి నీళ్లు గీసినవి కావు, గాలి గీసినవి. ఒకప్పుడు ఇక్కడ ఇసుకదిబ్బలు కదులుతూ పోయాయన్నమాట. అంచున బోర్లా పడుకుని తొంగిచూస్తే దాని కింద చేత్తో నలిపితే నలిగే ఎర్ర మట్టిరాయి, ఆ కింద మళ్లీ గట్టి ఇసుకరాయి గోడ, ఇంకా కింద బూడిదరంగు వాలు. మెత్తటి పొర తరిగిపోతుంటే గట్టి పొర గొడుగులా ముందుకు వాలి, ఏదో ఒకనాడు విరిగి పడుతుంది. శిఖరం ఇంతగా చిక్కిపోయింది అలాగే. ఆ సాయంత్రం ఇదంతా తేజేశ్వర్‌కు చెప్పింది. అతను చివరిదాకా విని, బట్టలు ఆరినాయా అని అడిగాడు. అడగడంలో తప్పు లేదు, మర్నాటికి అతనికి చొక్కా కావాలి.

అలా తొమ్మిదేళ్లు బట్టలారేసింది. పదో ఏడు ఫిబ్రవరిలో ఇంటి యజమాని దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఇల్లు అమ్ముకుంటున్నాడు, సెప్టెంబరు ఆఖరుకు ఖాళీ చెయ్యాలి. ఉత్తరం మర్యాదగానే ఉంది. తేజేశ్వర్ ఆ రోజు నుంచి ఫోన్‌లో ఇళ్లు వెతకడం మొదలుపెట్టాడు. ఒక్కో ఇంటికి నలభై మంది వరసలో నిలబడుతున్నారు. చివరికి లెటర్‌కెన్నీలో ఆస్పత్రి డాక్టరుగా ఉన్న అతని స్నేహితుడు హేమచంద్, తమ పక్కిల్లు అద్దెకుందని, తన మాట మీద ఇస్తారని చెప్పాడు. లెటర్‌కెన్నీ దేశానికి ఆ కొస. తేజేశ్వర్‌ది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగమే కాబట్టి అడ్డేమీ లేదు. లోహిత మాత్రం తన బడి, కర్రబంతి ఆడే తన కమోగీ జట్టు వదిలి రానని రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు.

గిరిజ మార్చిలో ఒక ఆదివారం హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి పొడవాటి టేపు కొనుక్కొచ్చింది. కూతురి జామెట్రీ పెట్టె అడిగి తీసుకుంది. గ్రాఫు కాగితాలు తొమ్మిది అతికించి, శిఖరం పటం గీయడానికి కూర్చుంది. ఎందుకని అడిగితే, పోయేలోపల ఒకసారి సరిగ్గా చూడాలనిపించిందని చెప్పింది. ఆ మాట నిజమే. షాపు లేని రోజుల్లో బట్టలారేసి, అవి ఆరి, మడతపెట్టాక కూడా అక్కడే ఉండిపోయేది. నెర్రెలు ఏ దిక్కుకు పోతున్నాయో కొలిచింది. మరుగుజ్జు చెట్లు ఏ నెర్రెలో వేరు దించాయో గుర్తు పెట్టింది. నల్లగా పొక్కులు కట్టిన నేల చోట పిల్లల్ని తొక్కొద్దని చెప్పింది, అది నాచులాంటి బతికున్న పొర, కట్టడానికి వందేళ్లు పడుతుందట. పిల్లలు విన్నారు.

నోరీన్ ఆమెను గమనిస్తూ ఉండేది. నోరీన్‌కు అరవై తొమ్మిదేళ్లు, పద్నాలుగో నంబరులో ఒక్కతే ఉంటుంది. కొత్తల్లో గిరిజ ఆమెను నోరీన్ ఆంటీ అని పిలిచింది. నేను ఎవరికీ అత్తను కాదని నోరీన్ చెప్పాక, అంత పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి గిరిజ నాలుకకు ఆర్నెల్లు పట్టింది.

నోరీన్ ఒక్కతే ఉంటుందంటే భర్త లేడని కాదు. భర్త మాసీ అవతలి గట్టు మీద ఉంటాడు.

శిఖరానికి పశ్చిమాన, అరవై గజాల అవతల ఇంకో గట్టు ఉంది. ఒకప్పుడు రెంటినీ కలుపుతూ గోడలాంటి ఇరుకు దారి ఉండేదట. పదమూడేళ్ల కిందట ఒక అక్టోబరు రోజున గాలికి నోరీన్ దుప్పటి ఎగిరి అవతల పడింది. మాసీ ప్లాస్టరింగ్ మేస్త్రీ, ఎత్తులంటే భయం లేనివాడు. నడిచి వెళ్లి దుప్పటి తీసి, మడతపెట్టి వెనక్కి తిరిగేసరికి ఆ దారి లేదు. పెద్ద చప్పుడేమీ కాలేదని, లారీలోంచి కంకర దించినట్టు మాత్రం వినిపించిందని అప్పుడున్నవాళ్లు చెబుతారు. గార్డులంటే అక్కడి పోలీసులు, వాళ్లు వచ్చారు. ఫైర్ ఇంజన్ నిచ్చెన సగం దూరం కూడా అందలేదు. హెలికాప్టర్ వాళ్లు ఎంత తిరిగినా పైనుంచి ఆవులు మేసే పొలమే కనిపించిందని రాసుకుని వెళ్లిపోయారు. ఐదో రోజున హర్లింగ్ జట్టు కెప్టెన్ వచ్చి, బంతికి గాలపు దారం కట్టి కర్రతో కొట్టాడు. మూడో దెబ్బకు అవతల పడింది. దారం వెంట సన్నతాడు, దాని వెంట లావుతాడు వెళ్లాయి. రెండు వైపులా గిలకలు బిగించారు, అవి బుట్టను మోస్తాయి గానీ మనిషి బరువుకు ఆగవు. ఇటునుంచి మొదట వెళ్లింది వేడి భోజనం, అటునుంచి మొదట వచ్చింది మడతపెట్టిన దుప్పటి.

అప్పట్నుంచి ప్రతి గురువారం నోరీన్ బుట్టలో రొట్టె, టీ, బంగాళాదుంపలు, పేపరు, ఒక చీటీ పెట్టి తాడు లాగుతుంది. అటునుంచి మాసిన బట్టలు, ఒక చీటీ వస్తాయి. బట్టలారేస్తున్నంతసేపూ ఆమె అవతలి గట్టుకేసి చూస్తూ మాట్లాడుతూనే ఉంటుంది: మోకాలి నొప్పి, చర్చిలో ఎవరు దగ్గారు, బస్సు ఎంత ఆలస్యమైంది. అరవై గజాలకు అదేం వినిపించదు. అయినా మాట్లాడుతుంది. వీధి దాన్ని కాపురమనే లెక్కేసింది. మాసీ ఎలా ఉన్నాడని ఎవరైనా అడిగితే, గ్రాండ్‌గా ఉన్నాడని చెబుతుంది; అక్కడ బాగానే ఉందనడానికి అదే మాట.

జూన్‌లో గిరిజ పటం పశ్చిమపు అంచుకు వచ్చింది. నోరీన్ దండేనికి రెండు గజాల దూరంలో పై పలక నిలువునా చీలి ఉంది. చీలికకు బయటి వైపు బండ, ఇల్లంత బండ, కొద్దిగా గండిలోకి వాలింది. ఆ సందులో పక్కకు తిరిగితే మనిషి పడతాడు. పడిన రాళ్లు అడుగున మెట్లలా పేరుకుని ఉన్నాయి. గిరిజ సందులో దిగింది. ఇరవై అడుగుల కింద ఒక రాతి అరుగు తగిలింది. అరుగు అంచు నుంచి రెండు నిలువుల నున్నటి గోడ. దాని కింద మట్టిరాయి వాలు. వాలు దిగితే, కూలిన దారి తాలూకు రాళ్లు కుప్పగా పడి, రెండు గట్ల మధ్యా ఒక పల్లంలా నిలిచి ఉన్నాయి. అక్కణ్ణుంచి అవతలి గట్టు మీదికి పొరలు పొరలుగా అరుగులున్నాయి, మేక ఎక్కినట్టు ఎక్కొచ్చు. అడ్డమున్నది ఆ రెండు నిలువుల గోడ ఒక్కటే. దానికి ఒక తాడు చాలు.

ఆమె పటంలో చుక్కల గీత గీసింది. ఎవరికీ చెప్పలేదు. ఇరవై రోజుల పాటు ఆ గీతను చూస్తూ ఉండిపోయింది.

జులైలో ఒక బుధవారం కారు డిక్కీలో ఉన్న తాడు తీసుకుని, ఫ్రిజ్ మీద కూతురికి చీటీ అంటించి వెళ్లింది. తాడును అరుగు మీద ఇరుక్కున్న రాయికి కట్టింది. పదేళ్ల తర్వాత చేస్తున్న పని, ముడిని రెండుసార్లు లాగి చూసింది. నున్నటి గోడ దిగి నేల మీద కాలు పెట్టాక, అక్కడ తనకంటే ముందు ఎవరో ఉన్నారని తెలిసింది. గోడకు ఆనించి ఒక చదునైన రాయి ఉంది. దానంతట అది పడిన రాయి కాదు, ఎవరో ఈడ్చి వేసుకున్న పీట. దాని ముందు మెత్తటి మట్టిరాయిలో రెండు మడమలు ఒరుసుకుని గుంటలు పడి ఉన్నాయి. అలాంటి గుంటలు ఒక్కరోజులో పడవు. అక్కణ్ణుంచి పల్లం దాకా కాలిబాట నలిగి ఉంది.

తల ఎత్తి చూస్తే నెత్తిన నోరీన్ దండెం అంచు, ఆరుతున్న దిండు గలీబు కొస కనిపించాయి.

మాసీ ఆమెకు అవతలి గట్టు మీద ఆఖరి అరుగు దగ్గర ఎదురై పైకి లాగాడు. సన్నటి మనిషి, తెల్లటి గడ్డం. చొక్కా మాత్రం ఇస్త్రీ మడతలతో ఉంది. వాలిన బండ కింద ఎర్రమట్టితో గోడ కట్టి ఇల్లు చేసుకున్నాడు. మట్టిగోడ అయినా అద్దంలా నున్నగా మెత్తి ఉంది. ఇసుకరాయి, మట్టిరాయి కలిసే చోట గోడలోంచి నీటిచుక్కలు ఊరుతున్నాయి. శిఖరం మీంచి ఇక్కడ పచ్చగా చార కనిపిస్తే నీళ్లున్నాయని ముందే అనుకున్నానని గిరిజ చెప్పింది. పేరు, ఊరు అడిగి టీ పెట్టి ఇచ్చాడు. నోరీన్ చీటీల వల్ల ఆమె అతనికి ముందే తెలుసు, రాళ్లు కొలిచే పిల్ల అని.

కాసేపు రాళ్ల గురించే మాట్లాడుకున్నారు. వాలిన బండ సంగతి అతనూ కనిపెట్టాడు. చీలిక అడుగున అడ్డంగా మట్టి మెత్తి ఉంచానని, గోడలు కదులుతున్నాయేమో చూడ్డానికి మేస్త్రీలు అలాగే చేస్తారని చెప్పాడు. మెత్తిన మట్టి పోయిన చలికాలంలో రెండుసార్లు పగిలిందట.

పీట రాయి గురించి గిరిజ అడగలేదు. అతనే చెప్పాడు.

"మొదటి చలికాలమే దారి కనిపెట్టాను. ఆ గోడ కిందకు వచ్చి నిలబడ్డాను. తాడు వెయ్యమని కేకేద్దామని నోరు తెరిచాను. పైన ఆమె బట్టలారేస్తూ మాట్లాడుతోంది. నేను ఈ గట్టు మీదున్నాననుకుని, నాతోనే మాట్లాడుతోంది."

గిరిజ గ్లాసు కింద పెట్టింది.

"ఇంట్లో ఉన్నన్నాళ్లు మాకు మాటల్లేవు," అన్నాడు. "తగువేం లేదు. గోడకు చెమ్మ పట్టినట్టు పట్టింది, ఎక్కణ్ణుంచో తెలియదు. ఆ రోజు ఆమె గంటసేపు మాట్లాడింది. నేను కనపడితే ఆపేస్తుందనిపించింది. వెనక్కి వచ్చేశాను."

ఆ తర్వాత కూడా చాలాసార్లు వెళ్లి కూర్చున్నాడు. పదమూడేళ్లు. చెప్పమని గానీ చెప్పొద్దని గానీ అతను గిరిజను అడగలేదు. గిరిజ వెళ్లేటప్పుడు, నోరీన్‌కు చెప్పడం తన వల్ల కాలేదని మాత్రం అన్నాడు.

ఆమె ఆ రాత్రి తేజేశ్వర్‌కు చెప్పింది. అతను లాప్‌టాప్ మూశాడు.

"సెప్టెంబరుకు మనం పోతాండాం గిరిజా. వాళ్ల సంసారంలో నీకెందుకు? పదమూడేండ్లు ఎట్లనో జరిగింది. ఇంగా జరుగుతాది."

"జరగదు. ఆ బండ పడిపోతాది. పడినాక ఈ దారి కూడా ఉండదు."

"ఎప్పుడు పడతాది?"

గిరిజ ఎర్రగుంట్లలో ఒకసారి ఒక గోడ రెండేళ్లు నిలుస్తుందని రాసిచ్చింది, అది పదిహేను రోజులకే కూలింది. ఇంకోటి రేపోమాపో పడుతుందంది, అది ఈ రోజుకీ నిలబడే ఉందట.

శుక్రవారం నోరీన్ దండెం దగ్గర ఉన్నప్పుడు గిరిజ వెళ్లి అంతా చెప్పేసింది. దారి ఉందని, బండ వాలిందని, పీట రాయి ఉందని. చెప్పడంలో ఏదీ మిగల్చలేదు, మెత్తబరచనూ లేదు. నోరీన్ చేతిలోని క్లిప్పులు ఒక్కొక్కటీ డబ్బాలో వేసింది. తడిబట్టలు అలాగే బుట్టలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఆ వచ్చిన గురువారం బుట్ట అవతలికి వెళ్లలేదు. నోరీన్ శిఖరం మీదకు రావడం మానేసింది. ఆమె ఇంటి చిమ్నీ పక్క గొట్టంలోంచి బట్టలు ఆరబెట్టే మెషీన్ ఆవిరి వస్తుంటే వీధంతా చూసింది. అవతల మాసీ రోజంతా అంచున నిలబడి ఉండేవాడు. పక్కవాళ్లు చీటీ లేకుండా రొట్టె పంపిస్తే తీసుకున్నాడు, మాసిన బట్టలు మాత్రం పంపలేదు. గిరిజను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎదురైతే ఎండ బావుందనేవాళ్లు, పటం ఎంతవరకు వచ్చిందని అడిగేవాళ్లు, అంతా గ్రాండ్ అనేవాళ్లు. అన్నిసార్లు గ్రాండ్ అన్నారంటే తన మీద కోపంగా ఉన్నారని ఆమెకు అర్థమైంది. ఇంట్లో అట్టపెట్టెల మీద సామాన్ల పేర్లు రాస్తూ, చెప్పకుండా ఉండాల్సిందేమోనని రోజుకు పదిసార్లు అనుకుంది. చెప్పకుండా బండ పడిపోతే ఏమనుకునేదో, అదీ ఆలోచించింది. రెండింటిలో ఏదీ తేలిక కాలేదు.

పన్నెండో రోజు సాయంత్రం నోరీన్ పదకొండో నంబరు తలుపు కొట్టింది. అంతకు ముందు ఎన్నడూ ఫోన్ చెయ్యకుండా రాలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో వానకోటుతోనే నిలబడింది.

"ఎన్నాళ్లుంటుంది ఆ బండ?"

"సరిగ్గా చెప్పలేను. ఒక చలికాలం గట్టిగా. అంతకంటే ముందే పడొచ్చు. దిగినవాళ్లు మళ్లీ ఎక్కి రాగలరని నేను మాటివ్వలేను, నోరీన్."

"మాటివ్వమని అడగలేదు. నీ తాడు కావాలి."

ఆదివారం పొద్దున చర్చి అయ్యాక వెళ్లారు. నోరీన్ నడిచే బూట్లు వేసుకుని, వీపుకు చిన్న సంచి తగిలించుకుని వచ్చింది. గిరిజ ఆమె నడుముకు తాడు చుట్టి, నున్నటి గోడ మీద అడుగు అడుగూ చెబుతూ దించింది. లోహిత అరుగు మీద కూర్చుని, రాయికి చుట్టిన తాడు కొస పట్టుకుంది. అట్టపెట్టెలు సర్దుతోందన్న కోపంతో ఆ పిల్ల వారం రోజులుగా తల్లితో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం, "ఐ హావ్ హర్, మామ్," అంది.

కింద పీట రాయి దగ్గర నోరీన్ ఆగింది. మడమల గుంటల్లోకి చాలాసేపు చూసింది. తర్వాత రాయి మీద కూర్చుని, తన బూట్లు ఆ గుంటల్లో పెట్టి, పైకి, తన దండెం కేసి చూసింది. లేచి పల్లం వైపు నడిచింది.

మాసీ అటునుంచి అప్పటికే దిగి వచ్చాడు. ఇద్దరూ రాళ్లకుప్ప మధ్యలో, మనిషంత దూరం వదిలి, చెరొక బండ మీద కూర్చున్నారు. గిరిజ పైన అరుగు మీదే ఆగిపోయి మట్టిరాయి పొరల్ని లెక్కపెట్టింది. మాటలు వినిపించలేదు. మొదట ఆమే మాట్లాడింది, చెయ్యి ఊపుతూ, చాలాసేపు. ఒకసారి లేచి నిలబడి మళ్లీ కూర్చుంది. తర్వాత అతను మొదలుపెట్టాడు. అతను మాట్లాడుతుంటే ఆమె సంచిలోంచి ఫ్లాస్క్ తీసి టీ పోసింది. నీడ పల్లాన్ని సగం దాకా కప్పినప్పుడు నోరీన్ ఒక్కతే వెనక్కి వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది. పైకి లాగమంటుందనుకుని గిరిజ తాడు సర్దింది.

"దండెం దగ్గర ఇంకో సంచి పెట్టాను, దాన్ని దించు," అంది నోరీన్. "పదమూడేళ్లు కొండతో మాట్లాడాను. ఇప్పుడు అతను జవాబు చెప్పాలి. దానికి ఒక పూట చాలదు."

పెద్ద సంచి, లోపల ఉన్ని స్వెటర్లు, మందులు. ముందే సర్ది పెట్టుకుందన్నమాట. గిరిజ పైకెక్కి తెచ్చి దించింది. మందులెన్నాళ్లకు ఉన్నాయని అడిగింది, మందుల షాపు అలవాటు. మూడు నెలలకని నోరీన్ చెప్పింది. మాసీ వచ్చి సంచి భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ అవతలి అరుగులు ఎక్కడానికి రెండు గంటలు పట్టింది. గిరిజ, లోహిత వాళ్లు పైకి చేరేదాకా అక్కడే కూర్చున్నారు.

వీధి ఈ సంగతిని ఎక్కువ చర్చించలేదు. గురువారం ఎవరు రొట్టె పంపాలన్నదే కాసేపు మాట్లాడుకుని, ఇంటింటికీ వంతులేసుకున్నారు. సెప్టెంబరు మొదటి గురువారం వంతు గిరిజది. రొట్టెతో పాటు పులిహోర పంపింది. బుట్ట తిరిగి వచ్చినప్పుడు అందులో మాసిన బట్టలు, వాటి మీద ఒక కవరు ఉన్నాయి. కవరులో పద్నాలుగో నంబరు ఇంటి తాళంచెవి, చీటీ. ఎప్పుడొస్తానో తెలియదు, మనుషులు లేని ఇంటికి చెమ్మ పడుతుంది, మీరు వచ్చి ఉండండి, అక్టోబరు నుంచి హీటింగ్ వెయ్యాలి, టవళ్లు మెట్ల కింది అల్మారాలో ఉన్నాయి అని రాసి ఉంది. అద్దె విషయం వచ్చే గురువారం మాట్లాడుకుందామని కింద మాసీ దస్తూరీలో ఇంకో ముక్క.

తేజేశ్వర్ ఆ చీటీని మూడుసార్లు చదివాడు. ఇంటి కోసమే గిరిజ ఆమెను పంపించేసిందని నలుగురూ అనుకోరా అని అడిగాడు. గిరిజ కూడా రెండు రాత్రులు అదే ఆలోచించి, ఆ మాటే చీటీలో రాసి పంపింది. జవాబు ఒక్క లైను వచ్చింది: నన్ను ఎవరైనా ఎక్కడికైనా పంపించగలిగితే ఆ మనిషిని చూడాలనుంది. దాంతో తేజేశ్వర్ లెటర్‌కెన్నీకి ఫోన్ చేసి, హేమచంద్‌కు క్షమాపణ చెప్పుకుని, మాట్లాడుకున్న వ్యాన్‌వాళ్లకు వద్దని చెప్పాడు. సామాన్లు మూడు ఇళ్ల అవతలికి చేతుల మీదే మోసుకెళ్లారు.

పటం నవంబరుకు పూర్తయింది. దాన్ని ఎవరో ఫోన్‌లో ఫోటో తీసి ఎవరికో పంపారు. కార్క్‌లో ఇళ్ల పునాదులకు నేల పరీక్ష చేసే ఒక ఆఫీసు నుంచి ఇంటర్వ్యూకు రమ్మని పిలిచారు. ఆమె పదేళ్ల ఖాళీ గురించి ఏం చెప్పాలో తెలియక పటం తీసుకెళ్లి బల్ల మీద పరిచింది. వాళ్లు దాని చుట్టూ నిలబడి చుక్కల గీత ఏమిటని అడిగారు. కొత్త సంవత్సరం నుంచి వారానికి మూడు రోజులు అక్కడికి వెళుతోంది. మిగతా రోజులు మందుల షాపు ఉంది.

బండ ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, పదిన్నరకు పడింది. గిరిజ వంటింట్లో ఉంది. లారీలోంచి కంకర దించినట్టే వినిపించింది. చేతులు తుడుచుకోకుండానే పరిగెత్తింది. మెట్లు దాటేసరికి ఎర్రదుమ్ము నిలువునా లేచి ఉంది, ఇవతల వీధిలో వాన పడుతూనే ఉంది. అంచు పది గజాలు వెనక్కి జరిగింది. చీలిక లేదు, అరుగు లేదు, పల్లం మీద ఇల్లంత రాళ్లు కొత్త ముఖాలతో పసుపుగా మెరుస్తున్నాయి. నోరీన్ దండెం తాలూకు ఒక స్తంభం పోయింది. గిలక ఉన్న స్తంభం మాత్రం అంచుకు రెండడుగుల దూరంలో నిలబడి ఉంది.

దుమ్ము అణిగేదాకా ఆమె అక్కడే నిలబడింది. అవతల ఇద్దరూ అంచుకు వచ్చారు. మాసీ పడిన రాళ్లకేసి చూస్తున్నాడు. నోరీన్ ఇటే చూస్తోంది. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. గిరిజ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, దారి పోయిందని అరిచింది.

నోరీన్ తల ఊపింది. మాసీతో ఏదో అంది, అతనూ ఏదో అన్నాడు, ఇద్దరూ దాని మీద కాసేపు వాదించుకున్నారు. తర్వాత నోరీన్ ఇటు తిరిగి గొంతెత్తింది.

"ఉప్పు అయిపోయింది, గిరిజా. గురువారం దాకా ఆగలేం."

గిరిజ ఉప్పు తేవడానికి ఇంటికి వెళ్లింది.